మొదలుపెట్టిన పని వదిలేసినవాడు మధ్యముడేనా?

చిక్కడపల్లి చదువరి (చర్చ ప్రారంభించినవారు)

పెద్దలకు నమస్కారం. జీవితంలో పైకి రావడానికి ఏ సూత్రం పట్టుకోవాలని అడిగినప్పుడల్లా మా నాన్న ఒకే పద్యం చెబుతారు. భర్తృహరి సుభాషితానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు అది. ఆటంకాలకు జడిసి పని మొదలే పెట్టనివారు నీచులు, మొదలుపెట్టి నడుమ వదిలేసేవారు మధ్యములు, ఎన్ని దెబ్బలు తగిలినా పట్టు విడవనివారు ధీరులు అని దాని సారాంశం.

2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో తెలంగాణ గ్రూప్-1 ప్రకటన రాగానే చేస్తున్న ఉద్యోగం మాని, కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసుకున్నాను. ఆ అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాసి మెయిన్స్‌కు ఎంపికయ్యాను కూడా. ప్రశ్నపత్రాలు ముందే బయటికి పొక్కాయని 2023 మార్చిలో తేలడంతో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాస్తే దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది. జూన్ 9న మూడోసారి రాసి, ఈసారి నా అంతట నేనే తప్పాను. ఇక ఇంటికి వెళ్లిపోతానంటే నాన్న ఫోనులో, “మధ్యముడివి అనిపించుకుంటావా?” అన్నారు. నేను వదిలేయడం తప్పా?

పొదిలి మాస్టారు

నాయనా, మీ నాన్నగారు సరిగ్గానే అన్నారు. నేను 1998 డీఎస్సీ (ఉపాధ్యాయుల నియామక పరీక్ష) అభ్యర్థిని. అర్హత సాధించి కూడా ఎంపిక వివాదాల్లో చిక్కుకుని నియామకం కోసం కాచుకున్న వేలమందిలో ఒకణ్ణి. మాకు ఉద్యోగాలు ఇవ్వాలని 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. మరుసటి ఏడాది మినిమమ్ టైమ్ స్కేలు (ఆ పోస్టుకున్న కనీస మూలవేతనం) మీద బడిలో చేరేనాటికి నాకు 54 ఏళ్లు. మొదటి రోజు రెండో తరగతి పిల్లవాడొకడు నన్ను “తాతా” అని పిలిచి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే “సార్” అని దిద్దుకున్నాడు. ఆ దిద్దుకున్న పిలుపు కోసమే నేను పాతికేళ్లు ఆగాను. మీరు మూడేళ్లకే బిచాణా ఎత్తేస్తానంటున్నారు.

నల్లమల

తినగ తినగ వేము తియ్యనుండు.

మాజీ అభ్యర్థి

నల్లమల గారూ, మూడేళ్లుగా వేపాకు నములుతున్న కుర్రవాడితో అనవలసిన మాట కాదది.

మాస్టారూ, మీ ఓర్పుకు దండం పెడతాను గానీ మీ ఉదాహరణ ఈ తమ్ముడి ప్రశ్నకు అతకదు. అర్హత సాధించాక మీరు మళ్లీ రాయవలసిన పరీక్ష లేదు. బంతి ప్రభుత్వం చేతిలో ఉంది, మీరు దాని వెంట పడ్డారు. ఇతను ప్రకటన వచ్చిన ప్రతిసారీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. పైగా తొలి రెండు పరీక్షలు రద్దు కావడంలో ఇతని తప్పు ఎంత మాత్రమూ లేదు. పద్యంలోని విఘ్నమంటే మన దారిలో పడ్డ రాయి. దారినే ఎవరో తవ్వేస్తుంటే దాన్ని విఘ్నమనవచ్చా? సివిల్స్‌కు యూపీఎస్సీ సాధారణ వర్గం వారికి 6 ప్రయత్నాలు, 32 ఏళ్లు అని గీత గీసింది. ఓబీసీలకు 9 ప్రయత్నాలు, 35 ఏళ్లు. పరీక్ష పెట్టేవారే పట్టుదలకు హద్దు ఉండాలని ఒప్పుకుంటుంటే, రాసేవాడు తనకు తానే ఒక గీత గీసుకుంటే మధ్యముడెలా అవుతాడు? నేను సివిల్స్ నాలుగుసార్లు రాసి ఆపేశాను. ఇప్పుడు వరంగల్‌లో విత్తనాల దుకాణం నడుపుతున్నాను.

పొదిలి మాస్టారు

యూపీఎస్సీ నిబంధన భర్తృహరికి వ్యాఖ్యానం కాదు. పద్యంలో ఉన్నది “ప్రారబ్ధార్థములు” అనే మాట. ప్రారబ్ధమంటే మొదలుపెట్టినది. మొదలుపెట్టినదాన్ని ధీరులు ఉజ్జగింపరు, అంటే విడిచిపెట్టరు. ఇందులో ఇన్నిసార్లు, ఇంత వయసు వరకు అనే మినహాయింపు నాకు కనిపించలేదు. అయినా గీతల మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను: గ్రూప్-1 గరిష్ఠ వయసును 2024లో 44 నుంచి 46కు పెంచారు కదా, ఈ అబ్బాయికి ఇంకా ఎన్నేళ్ల అవకాశం ఉందో లెక్క వేశారా?

మాజీ అభ్యర్థి

మాట మీద పట్టుబట్టారు కనుక అదే మాట చూద్దాం. సమాసంలో “అర్థము” కూడా ఉంది. అర్థమంటే ప్రయోజనం. ఇతని ప్రయోజనం నలుగురికి పనికొచ్చే కొలువు, లేదా ఇల్లు గడవడం. పరీక్ష దానికి ఒక దారి మాత్రమే. దారి మార్చుకున్నవాడు అర్థాన్ని వదిలినవాడు కాడు. ఇక వయసు పెంచినంత మాత్రాన పోస్టులు పెరగవు, ఎదురుచూసేవారి వరుసే పెరుగుతుంది.

మాస్టారూ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. 1998 నుంచి 2023 వరకు మీరు ఏం చేశారు?

పొదిలి మాస్టారు

దాచుకోవలసినదేమీ లేదు. నెలకు 1,200 రూపాయలకు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. సాయంత్రాలు ట్యూషన్లు. పొగాకు సీజన్లో ఒక రైతు దగ్గర బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదుల) పద్దులు రాశాను. పగలంతా బడిలో నిలబడి, రాత్రి బ్యారన్ దగ్గర ఆకు వాసనలో లాంతరు ముందు కూర్చుంటే నా అంకెలు నాకే అలుక్కుపోయి కనిపించేవి. ఇందులో వదిలిపెట్టడం ఎక్కడ ఉందో చెప్పండి.

మాజీ అభ్యర్థి

అక్కడే ఉంది. మీరు తొలి ఏడాదే వదిలేశారు మాస్టారూ. వదిలేసి వేరే బతుకు కట్టుకున్నారు. గది అద్దెకు తీసుకుని జీవో వచ్చేదాకా లేవనని కూర్చోలేదు. చివరకు ఉద్యోగమే మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసి దానికి పట్టుదల అని పేరు పెట్టి, అదే పేరుతో ఇతణ్ణి గదిలో కూర్చోమంటున్నారు. మీరు చేసినదే ఇతను చేస్తానంటుంటే మాత్రం మధ్యముడంటున్నారు.

పొదిలి మాస్టారు

మీకు నోటి దురుసు ఎక్కువగా ఉంది. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చిందా? విజయవాడ ధర్నాచౌక్‌లో ఎండకు మాడిన రోజులు మీరు చూడలేదు. అర్జీలు పట్టుకుని ఎన్ని గుమ్మాలు ఎక్కామో మీకు తెలియదు. ఒక కార్యాలయంలో గుమస్తా మా కాగితాలు చూసి, “ఇంకా బతికే ఉన్నారా?” అని నవ్వాడు. ప్రతి ప్రయాణానికీ బస్సు ఛార్జీలు మా ఆవిడ ఇచ్చింది. కుట్టుమిషన్ తొక్కి తొక్కి ఆమె మోకాళ్లు అరగదీసుకుంది. నేను తొలి ఏడాదే వదిలేశానని మీరంటే, ఆమె పాతికేళ్లు దేనికోసం తొక్కినట్లు?

కిన్నెరసాని

దయచేసి ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

మాజీ అభ్యర్థి

మాస్టారూ, క్షమించండి. అమ్మగారి కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా కోపం మీ మీద కూడా కాదేమో. మా నాన్నకూ ఇదే పద్యం కంఠతా వచ్చు. నేను ఢిల్లీ నుంచి పెట్టె సర్దుకుని వచ్చిన నెలలో మా పెదనాన్న కూతురి పెళ్లి జరిగింది. వరసగా బంధువులకు పరిచయం చేస్తూ, తమ్ముడి దగ్గరికి రాగానే “వీడు బ్యాంకులో” అన్నారు, నా దగ్గరికి వచ్చేసరికి “వీడు పెద్దవాడు” అని ఊరుకున్నారు. దుకాణం పెట్టి ఆరేళ్లయింది, నలుగురికి జీతాలిస్తున్నాను. నాన్న ఇప్పటికీ ఒక్కసారి కూడా దుకాణం మెట్లెక్కలేదు. ఎవరైనా ఆ పద్యం ఎత్తితే నేను కుదురుగా మాట్లాడలేను.

మానేరు

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మాస్టారూ, తమ్ముడూ, మీరిద్దరూ ధీరుడెవరు, మధ్యముడెవరు అని తేల్చుకుంటున్నారు. కుట్టుమిషన్ తొక్కిన ఆ అమ్మ ఏ తరగతిలోకి వస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె మొదలుపెట్టాలనుకున్న పని ఏమిటో ఎవరికైనా తెలుసా?

నేను 2016 నవంబరులో గ్రూప్-2 ఒకే ఒక్కసారి రాశాను. 1,032 పోస్టుల ఆ ఎంపిక కోర్టు వివాదాల్లో నాని 2019లో గానీ తేలలేదు. అప్పటికి నాకు పెళ్లయింది, చంకలో పిల్ల ఉంది. మళ్లీ రాస్తానంటే, “ఒకసారి రాశావు కదా” అన్నారు. అదే ఇంట్లో మా అన్న ఐదుసార్లు రాశాడు. ఆరోసారికి కూడా మా అమ్మ పుస్తెలగొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధపడింది. అన్న దగ్గర పట్టుదల ఉందన్నారు, నా దగ్గర మొండితనం ఉందన్నారు. పద్యంలో “ఆరంభింపరు” అని ఉంది. ఆరంభించనివ్వని వారి గురించి ఏమీ లేదు. ఈ అబ్బాయి ఉండాలా, వెళ్లాలా అనేది నాకు రెండో ప్రశ్న. ఉంటే ఆ ఖర్చు ఎవరి వాటాలోంచి వస్తోంది? అది ముందు చెప్పమనండి.

పొదిలి మాస్టారు

అమ్మా, పద్యంలో స్త్రీలకు వేరే సూత్రం ఏదీ చెప్పలేదు.

మానేరు

పద్యంలో చెప్పలేదు మాస్టారూ, ఇంట్లో చెప్పారు.

మాజీ అభ్యర్థి

అక్క అడిగినదానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. నాలుగుసార్లు రాసి ఆపేశానని గొప్పగా చెప్పుకున్నాను గానీ, ఆ నాలుగింటికి డబ్బు ఎక్కడిదని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే వినవలసి వస్తుందని భయం.

చిక్కడపల్లి చదువరి

అందరి మాటలూ రెండు రోజులుగా చదువుతున్నాను. మానేరు అక్క ప్రశ్న చూశాక నిన్న రాత్రి నాన్నకు లెక్క రాసి పంపాను. గది అద్దె, మెస్సు, రీడింగ్ రూము కలిపి నెలకు 10,500 చొప్పున 38 నెలలకు 3,99,000 రూపాయలు. కోచింగ్‌కు 90,000. మొత్తం 4,89,000. అప్పుడప్పుడు పంపుతూ ఉండడం వల్ల ఆయన కూడా ఎప్పుడూ కూడి చూసుకోలేదనుకుంటాను. మా చెల్లికి ఎమ్మెస్సీలో సీటు వచ్చింది, వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆ సంగతి మొదటి టపాలోనే రాయవలసింది, నాకు తోచలేదు.

ఈసారి నాన్న పద్యం చెప్పలేదు. పొద్దున “ఇంత అయిందా” అని ఒక సందేశం పంపారు. మధ్యాహ్నం ఇంకొకటి వచ్చింది: “చెల్లి ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కో.” ఈ నెలాఖరు వరకు అద్దె కట్టి ఉంది, అప్పటిదాకా గదిలోనే ఉంటాను.

పొదిలి మాస్టారు

కూడిక సరిపోయింది నాయనా. కానీ అందులో పుస్తకాల ఖర్చు, పరీక్ష ఫీజులు, ఊరికి వచ్చిపోయే ఛార్జీలు వేయలేదు. మానేసిన ఉద్యోగం జీతం కూడా వేసి మళ్లీ పంపండి.