ఈ వారం సమస్య: "మంచు గురిసె వసంతాన మల్లె విరియ"

నిర్వాహకుడు

శివరాత్రికి చలి "శివ శివా" అంటూ వెళ్ళిపోతుందని మనవాళ్ళంటారు. ఆ కబురు అందని దేశాలు చాలా ఉన్నాయి. చెట్లు చివురు తొడిగిన తరువాత, ఒక్కొక్కచోట పూలు విచ్చుకొన్న తరువాత కూడా, రాత్రికి రాత్రి మంచు కమ్ముకొన్న సంగతులను మన సభ్యులలో కొందరు కళ్ళారా చూచి ఉంటారు, కొందరు విదేశాలలోని పిల్లల నోట విని ఉంటారు. ఆ జ్ఞాపకాలు పద్యాలై వస్తాయన్న ఆశతో, చివరి పాదంగా నిలిపి మొదటి మూడు పాదాలను పూరించవలసిందిగా పై పాదాన్ని ఇస్తున్నాను. లోయర్ ట్యాంక్‌బండ్ మీది స్నో వరల్డ్‌ను మాత్రం దయచేసి ఎవరూ పద్యంలోకి ఎక్కించవద్దు.

కూకట్‌పల్లి కుర్రవాడు

వద్దన్న తరువాత వ్రాయకుండా ఉండడం నా వల్ల కాలేదు. పెద్దలు మన్నించాలి.

ఎండ మండెడి మధ్యాహ్న మింటివారు
స్నోవరల్డున కేగిరి నోరు తెఱచి;
అచ్చట పొడిమంచు జల్లగా నమ్మ జడకు
మంచు గురిసె వసంతాన మల్లె విరియ

మల్కాజిగిరి మాస్టారు

నాయనా, మూడవ పాదం మొదట్లోనే కాలు మడతపడింది. "అచ్చట"లోని ద్విత్వాన్ని తీసివేసి "అచట" అంటే పాదం దానంతట అదే నడుస్తుంది. లక్షణం సరిపోయినా విషయం సరిపోదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు తెల్లవారుజామున వెళ్ళి చూడు. మల్లెమొగ్గలు దారిలో విచ్చుకోకుండా ఉండడానికే వాటిని మంచుగడ్డలు వేసిన థర్మోకోల్ పెట్టెలలో పంపుతారు. సున్నాకు దిగువన ఉంచే మందిరంలో మీ అమ్మగారి జడలోని మొగ్గ విరియదు, ముడుచుకొని కూర్చుంటుంది.

నల్లకుంట కవి

రెండవ పాదంలోని "నోరు తెఱచి" పాదం మొదటి అక్షరానికి జత కుదిర్చే యతి కోసం తెరిచిన నోరే తప్ప ఆశ్చర్యంతో తెరిచిన నోరు కాదు. అయినా మల్లెకు జడలో చోటు చూపించాడు చూడండి, అది మెచ్చదగినది. గత మాసం రోహిణి కార్తె సమస్యకు మాస్టారు కొబ్బరిబోండాల బండిని మూడు పాదాల దూరం తోసుకొని వచ్చి, చివరి పాదానికి దానితో ముడి వేయకుండా రోడ్డు మీదనే వదిలేశారు. కుర్రవాడు ఆ పని చేయలేదు.

మల్కాజిగిరి మాస్టారు

ఆ బండి ధ్వని కోసం, అంటే పైకి చెప్పని అర్థం స్ఫురించడం కోసం, ఉంచినది. తెలిసినవారికి తెలిసింది.

వనస్థలిపురం

మా అబ్బాయి 1997లో బోస్టన్‌లో చదువుకొంటున్నాడు. ఈస్టర్ ఆదివారం నాడు పలుచని చొక్కాతో నది ఒడ్డున తిరిగినవాడు, మంగళవారం తెల్లవారేసరికి తన కారును ఎక్కడ నిలిపాడో గుర్తు పట్టలేకపోయాడు. ఆ రాత్రి మాకు ఫోన్ చేస్తే, తేదీ ఏప్రిల్ 1 కనుక, ఇంటిల్లిపాదీ నవ్వి వాడిని ఇంకొక మాట చెప్పనీయలేదు. లోగన్ విమానాశ్రయంలో 25.4 అంగుళాల మంచు కొలిచారన్న వార్త మరునాడు వచ్చిన తరువాత గాని వాడి మాటకు విలువ దక్కలేదు.

ఏప్రిలున బోస్టనున నెల్ల యింటిపైన
రెండడుగులెత్తు హిమమని రేయి సుతుడు
ఫోను చేసి చెప్పగ నాకు బోధపడియె:
మంచు గురిసె వసంతాన మల్లె విరియ

మల్కాజిగిరి మాస్టారు

"ఎల్ల" అన్న తరువాత "ఇల్లు" ఒక్కటే మిగిలిందా? "యిండ్లపైన" అంటే యతి చెడదు, గణం చెడదు, ఊరిలోని తక్కిన ఇండ్లకు కూడా మంచు అందుతుంది. అసలు ఆక్షేపణ వేరే ఉన్నది. 1997లో మన ఉగాది ఏప్రిల్ 8న వచ్చింది. ఏప్రిల్ 1 నాటికి నడుస్తున్నది ఫాల్గుణ బహుళం, అంటే శిశిర ఋతువు. శిశిరంలో మంచు కురవడం సమస్యే కాదు గనుక దానికి పూరణం ఎక్కడిది?

వనస్థలిపురం

మార్చి 20 ప్రాంతంలో పగలూ రేయీ సమానమైన నాటి నుండి అక్కడివారికి వసంతమే. మంచు కురిసిన ఊరి లెక్కను విడిచి, ఫోన్ ఎత్తిన ఊరి పంచాంగంతో ఋతువును నిర్ణయించడం ఏ న్యాయమో మాస్టారే సెలవివ్వాలి. ఇక మల్లె అంటారా, ఆ ఫోన్ మోగినప్పుడు మా పెరటి పందిరి మీద మొగ్గలు విచ్చుకొంటున్నాయి. అక్కడ మంచు, ఇక్కడ మల్లె, నడుమ తీగ, ఇదీ నా పూరణం.

నల్లకుంట కవి

మీరు చెప్పిన పెరడు వ్యాఖ్యలో ఉన్నది గాని పద్యంలో లేదు. నవ్వి ఫోన్ పెట్టివేయడం కూడా వ్యాఖ్యలోనే ఉండిపోయింది. "బోధపడియె" అన్న చోట మీ ఇంటి నవ్వు వినిపించి ఉంటే ఈ పద్యాన్ని ఎవరూ మరచిపోయేవారు కాదు.

మల్కాజిగిరి మాస్టారు

దూరదేశాలు ఎందుకు? 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్ళు పడి వీథులు తెల్లని దుప్పటి పరచినట్లు మారిపోయాయి. మా చెల్లెలి కుటుంబానికి అటువైపు మామిడితోట ఉన్నది. ఆ సాయంత్రం పిందె పిందెకు ఒక గాయం కనిపించింది, తాకితే ఊడి చేతికి వచ్చేది.

మావి పిందెలు రాల్చుచు మబ్బు నడుమ
గడ్డకట్టిన చినుకులు గాలి విసర
వీథి తెల్లని దయ్యెను; విస్తుపోతి;
మంచు గురిసె వసంతాన మల్లె విరియ

నల్లకుంట కవి

పద్యం నడక బాగున్నది, "మబ్బు నడుమ గడ్డకట్టిన" అన్న ఎత్తుగడ ఇంకా బాగున్నది, ఆ మాట నేను దాచుకోను. అయితే 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. మార్చి 16 నాటికి నడుస్తున్నది ఏ మాసమో, అది ఏ ఋతువో, వనస్థలిపురం వారికి పాఠం చెప్పిన నోటితోనే మాస్టారు మాకూ చెప్పాలని ప్రార్థన.

మల్కాజిగిరి మాస్టారు

మామిడి పిందె పట్టిన తరువాత వసంతం రాలేదనేవాడు పంచాంగం చూడగలడేమో గాని తోటను చూడలేడు.

వనస్థలిపురం

ఈ ఏర్పాటు బోస్టన్‌కు కూడా వర్తిస్తుందని అనుకొంటున్నాను.

సైనిక్‌పురి

పంచాంగాన్ని కాసేపు పక్కన పెడితే, మాస్టారి పద్యానికి మరొక చిక్కు ఉన్నది. వడగళ్ళు చలి వల్ల పుట్టేవి కావు, ఎండ వల్ల పుట్టేవి. మార్చి, ఏప్రిల్ నెలలలో దక్కను నేల బాగా కాగి, బంగాళాఖాతం వైపు నుండి తేమ వచ్చి చేరినప్పుడు, గాలి నిలువుగా ఎంత బలంగా పైకి లేస్తుందంటే, చినుకును 4, 5 కిలోమీటర్ల ఎత్తున ఉండే సున్నా డిగ్రీల మట్టాన్ని దాటించి పైపైకి తీసుకొనిపోతుంది. అక్కడ గడ్డకట్టిన పలుకు మీద చల్లని నీటి బిందువులు అంటుకొని పొర మీద పొర పేరుకొంటాయి. గాలి ఇక మోయలేనంత బరువైన తరువాత అది రాలిపడుతుంది. మంచు రేకులకు ఇంత హోరు అక్కరలేదు, మబ్బు మొదలు నేల దాకా చలి ఉంటే చాలు. కాబట్టి మాస్టారు చూచినది వేసవి ప్రతాపమే గాని వసంతపు చలి కాదు. అసలైన వసంతపు చలిని 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్సు ద్రాక్షరైతులు చూచారు. మార్చి చివర ఎండ కాస్త ఎక్కువగా కాయడంతో తీగలు తొందరపడి చివురించాయి. ఆ వెనుకనే ఏప్రిల్ మొదటి వారపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోయింది. రైతులు సాలుల నడుమ డబ్బాల వంటి పెద్ద పెద్ద కొవ్వొత్తులు వెలిగించి తెల్లవారేదాకా కాపు కాశారు.

ఫ్రాన్సు పల్లెల నొకరేయి పాడుచలికి
చిగురు గాచెడి రైతుల చెంత నిశిని
ద్రాక్షతోటల దివ్వెలు తారలయ్యె;
మంచు గురిసె వసంతాన మల్లె విరియ

బర్కత్‌పురా

"దివ్వెలు తారలయ్యె" అన్న చోట ఆగి మళ్ళీ చదివాను. ఒక సందేహం ఉన్నది. మొదటి పాదంలో రేయి వచ్చిన తరువాత రెండవ పాదంలో నిశి ఎందుకు వచ్చినట్లు? "చెంత నిలిచి" అంటే పునరుక్తి పోతుంది, దివ్వెలు కూడా రైతుతో పాటు కాపు కాసినట్లు ఉంటుంది.

సైనిక్‌పురి

"నిలిచి" నాకు నచ్చింది, అలాగే చదువుకోవలసిందిగా అందరినీ కోరుతున్నాను. ఆ దేశంలోనే చాబ్లీ అనే ఊరి వైపు కొన్ని తోటలలో దివ్వెలకు బదులు రాత్రంతా నీళ్ళు చల్లుతారు. చలిలో నీళ్ళు చల్లడం పిచ్చిపని వలె కనిపిస్తుంది గాని, గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడిని విడుస్తుంది. నీరు చల్లుతున్నంతసేపూ ఆ వేడి అందుతూ ఉంటుంది గనుక గాజు వంటి మంచుపొర లోపల చివురు సున్నా దగ్గరే నిలిచి బ్రతుకుతుంది. పద్యంలో దానికి చోటు చాలలేదు.

నల్లకుంట కవి

చోటు చాలనిది మల్లెకు కూడా. ద్రాక్షతోటలో మల్లె ఎక్కడిది?

సైనిక్‌పురి

ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణం సుగంధద్రవ్యాలకు ప్రసిద్ధి. అక్కడ మల్లెజాతి పూలను తోటలు తోటలుగా పెంచుతారు.

మల్కాజిగిరి మాస్టారు

పెంచుతారు, కాదనను. అయితే అవి మన జాజికి చెందినవి, వాటిని కోసేది ఆగస్టు మొదలు అక్టోబరు దాకా. ఏప్రిల్ చలిలో వాటిని పూయించడం మీ దివ్వెలకు కూడా సాధ్యం కాదు. వడగళ్ళ విషయంలో నాకు చెప్పిన శాస్త్రాన్ని పూల విషయంలో మీరు కూడా పాటించాలి గదా.

బర్కత్‌పురా

మీరంతా మంచును వసంతానికి లాగుతున్నారు. రెంటినీ విడదీస్తే పోతుందని నాకు తోచింది.

మగని రాకకై వేచెడి మగువ పలికె:
"వత్తు నంటివి; నెలలెన్నొ వచ్చి పోయె;
మార్గశిర మేగె బుష్యమ్ము, మాఘమందు
మంచు గురిసె, వసంతాన మల్లె విరియ"

వసంతాన మల్లె విరియగా వత్తునంటివి, అని అన్వయం.

నల్లకుంట కవి

మంచు మాఘానికి పోయింది, మల్లె వసంతంలో ఉండిపోయింది. ఒక్క విరామంతో సమస్య గొంతు నులిమారు. ఈ వారం ఇంతవరకు వచ్చినవాటిలో ఇదే చమత్కారం.

మల్కాజిగిరి మాస్టారు

చమత్కారమే. అయితే రెండవ పాదంలోని "వత్తు నంటివి" కోసం నాలుగవ పాదం చివర నుండి వెనుకకు నడిచి రావాలి. ఆ దారిలో పాఠకునికి మార్గశిరం, పుష్యం, మాఘం మూడూ అడ్డు వస్తాయి. దూరాన్వయాన్ని నల్లకుంట వారు ఇంత ఉదారంగా మన్నించడం నేను ఇదే మొదటిసారి చూడడం.

నల్లకుంట కవి

కొబ్బరిబోండాల బండి కంటె ఇది దగ్గరే.

నిర్వాహకుడు

బర్కత్‌పురా గారి విరుపు నాకూ నచ్చింది. కాని వసంతంలో మంచు కురవనేలేదని తేల్చివేస్తే, ఈ పాదం ఇచ్చిన ఉద్దేశమే మిగలదు. కురిసిన మంచును కురిసినట్లే ఉంచి, విరిసిన మల్లెను విరిసినట్లే ఉంచి, రెండూ ఒకే దినాన నిజమయ్యే పూరణం కోసం ఇంకా ఎదురు చూస్తున్నాను.

మెట్టుగూడ రైల్వే

నేను తరచుగా వ్రాసేవాణ్ణి కాను. 1975 జూన్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఆంగ్ల పత్రిక తిరగవేస్తూ చదివిన వార్త ఈ పాదం చూడగానే గుర్తుకు వచ్చింది. ఇంగ్లండులోని బక్స్‌టన్‌లో డెర్బీషైర్, లంకాషైర్ జట్లకు కౌంటీ క్రికెట్ మ్యాచి జరుగుతున్నది. శనివారం నాడు లంకాషైర్ తరఫున క్లైవ్ లాయిడ్ 167 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. సోమవారం, జూన్ 2వ తేదీన, మైదానమంతా మంచు పడి ఆ రోజు ఆటే లేకుండా పోయింది. మంగళవారం మంచు కరిగి తడిసిన పిచ్ మీద డెర్బీషైర్ 42 పరుగులకు ఒకసారి, 87 పరుగులకు మరొకసారి కుప్పకూలింది. ఆ తరువాతి శనివారమే, జూన్ 7న, తొలి ప్రపంచకప్పు అదే దేశంలో మొదలైంది. గ్రంథాలయంలో పంకా కింది కుర్చీ కోసం మేము పోటీ పడుతున్న రోజులు అవి. మా అమ్మ ఇంటి దగ్గర పూజకు మల్లెలు కోస్తూ ఉండేది.

బక్స్టనున నాట యాగెను, బ్యాటు విడిచి
వెళ్ళి రందఱు; వైశాఖ వేళ యదియ;
ఇచట పూజకు పూవుల నేఱుచుండ
మంచు గురిసె వసంతాన మల్లె విరియ

మల్కాజిగిరి మాస్టారు

పంచాంగం తిరగవేశాను. 1975లో ఉగాది ఏప్రిల్ 12. మే 11న ఒక అమావాస్య, జూన్ 9న మరొక అమావాస్య. కనుక జూన్ 2 నిశ్చయంగా వైశాఖ బహుళమే, అంటే మన లెక్కన కూడా వసంత ఋతువే. "ఇచట" అన్న ఒక్క మాటతో మల్లెను మన పెరటిలో నిలబెట్టారు, మంచును అక్కడే ఉంచారు. ఆట ఆగితే ఆటగాడు బ్యాటును చంకన పెట్టుకొని పోతాడు గాని విడిచిపోడు. "బ్యాటు బట్టి" అంటే ఆ వెలితి కూడా ఉండదు.

వనస్థలిపురం

అక్కడ మంచు, ఇక్కడ మల్లె అన్న దారిని నేను ముందే వేశానని వినయంగా గుర్తు చేస్తున్నాను.

నల్లకుంట కవి

దారి మీది, ఇల్లు చేరినది వారు.

నిర్వాహకుడు

ఈ వారానికి మెట్టుగూడ వారి పూరణాన్ని పైన నిలుపుతున్నాను, మాస్టారు సూచించిన "బ్యాటు బట్టి"తో సహా. సైనిక్‌పురి వారి దివ్వెలు మల్లె లేకపోయినా గుర్తుండిపోతాయి. వచ్చే వారానికి పాదం ఇది:

చలికి వడదెబ్బ తగిలెను చైత్రమందు

నల్లకుంట కవి

చైత్రమని స్పష్టంగా ఇచ్చారు. ఉగాదికి ఆరు రోజుల ముందు జరిగిన సంగతులు తెచ్చే పెద్దలు తేదీ చూచుకొని తేవలసిందిగా మనవి.

మల్కాజిగిరి మాస్టారు

నా పూరణం అప్పుడే సగం అయినది. ఇందులో బండి లేదు.