ట్రెయిల్ మధ్యలో నీళ్లు పారుతున్నాయి, కంకర పోస్తే ఆగుతుందా?

ప్రశ్న: సియాటెల్ దగ్గర కౌంటీ అడవిలో మౌంటెన్ బైక్ ట్రెయిల్. 40 అడుగుల మేర నడిమధ్యన నీళ్లు పారి 4 అంగుళాల లోతు గాడి పడింది. శనివారం ఆరుగురు వాలంటీర్లం వెళ్తున్నాం. గాడి పూడ్చడానికి కంకర ఎంత పడుతుందండీ?

జవాబు 1: కంకర వద్దండీ. నీళ్లు పక్కకి దిగే దారి లేనప్పుడు ఏం పోసినా వానకి కొట్టుకుపోతుంది. ముందు లోయవైపు అంచు చూడండి. టైర్లు తొక్కీతొక్కీ మధ్యలో మట్టి దిగి, అంచున సన్నటి గట్టు లేచి ఉంటుంది. నీళ్లని బాట మీదే ఆపేది అదే. ఒకవైపు పళ్లు, ఇంకోవైపు పార ఉండే మెక్లౌడ్‌తో ఆ గట్టు గీకేసి, బాటని బయటికి 5 శాతం వాల్చండి. అంటే 3 అడుగుల వెడల్పుకి దాదాపు 2 అంగుళాలు.

ఆపైన, గాడి మొదలయ్యే చోటుకి కాస్త ఎగువనే నీళ్లని దింపేయాలి. 10 అడుగుల పొడవున అర్ధచంద్రాకారంలో చెక్కి, మధ్యలో బయటికి 15 శాతం వాలు ఇవ్వండి. దాని బయట నేల ఇంకా పల్లంగా ఉండాలి, లేకపోతే మీరు తవ్వింది బురదగుంటే అవుతుంది. తవ్విన మట్టి పారేయకుండా దిగువవైపు 10 నుంచి 20 అడుగుల ర్యాంపుగా పరిచి దిమ్మిస చేయండి. ర్యాంపు పొట్టిగా, నిటారుగా ఉంటే రైడర్లు పక్కనుంచి తిప్పేస్తారు, బాట వెడల్పయిపోతుంది. ఆకులు కుళ్లిన నల్లమట్టి మాత్రం వాడొద్దు, స్పాంజిలా నీళ్లు పట్టేస్తుంది. కింద ఉన్న గట్టి మట్టే కావాలి.

జవాబు 2: పార పట్టేముందు క్లైనోమీటర్‌తో రెండు వాలులూ కొలవండి. బాట వెంబడి ఉండే వాలు, కొండ పక్కవాలులో సగం దాటకూడదు. కొండ 16 శాతం, బాట 10 శాతం అయితే నీళ్లు బాటనే పట్టుకుని దిగుతాయి, ఎంత చెక్కినా గాడి మళ్లీ పడుతుంది. అప్పుడు బాటనే మార్చాలి. అది శనివారం పని కాదు, కౌంటీ వాళ్లు వచ్చి చూసి ఒప్పుకోవాలి. ఈ మరమ్మతుకి కూడా ముందే అడిగి తీరాలి. చెప్పకుండా తవ్వితే ఉన్న ట్రెయిల్‌కే ముప్పు.

ప్రశ్న అడిగినవారు: కొలిచాను. కొండ 30, బాట 9. అనుమతి చేతిలో ఉంది.

జవాబు 1: 30లో సగం 15, కాబట్టి బాట చోటు సరైనదే. మనిషికీ మనిషికీ 10 అడుగుల ఎడం ఉంచండి, పనిముట్లు తగలకుండా. అయ్యాక ఎగువన ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. చెక్కిన చోట పక్కకి తిరగకుండా నేరుగా కిందికి జారితే ఇంకాస్త గీకాలి.