సంతకం పెట్టారు కాబట్టి అన్నీ చూపించవచ్చా?

వెన్నెలదారి:
రియాలిటీ షోకు వచ్చినవారి విడాకులు, జబ్బులు, ఇంటి గొడవలు తెరకెక్కించడం న్యాయమేనా? కాదనే నా వాదన. 2017లో ప్రసారమైన అమెరికా ‘సర్వైవర్’ పోటీలో జీక్ స్మిత్ ట్రాన్స్‌జెండర్ అన్న సంగతిని తోటి పోటీదారు జెఫ్ వార్నర్ అందరి ముందూ బయటపెట్టాడు. కేవలం తన ఆట నిలబెట్టుకోవడానికి! అక్కడున్నవాళ్లు మండిపడ్డారు. మామూలు ఓటింగు జరపకుండానే వార్నర్‌ను ఇంటికి పంపేశారు. కానీ ఆ మాట మాత్రం లక్షల ఇళ్లకు చేరింది.

పట్టువిడుపు:
కెమెరాలుంటాయని తెలిసే వెళ్తారు, ఒప్పందం మీద సంతకం పెడతారు, పారితోషికం తీసుకుంటారు. స్మిత్ విషయంలో చిత్రీకరణకూ ప్రసారానికీ మధ్య నెలలు గడిచాయి. ఈలోగా ఆయన తన కథను తానే వ్యాసంగా రాసుకున్నారు. ఇక బ్రిటన్ రియాలిటీ షోల తార జేడ్ గుడీ. 2008లో మన దేశపు హిందీ బిగ్‌బాస్ ఇంట్లో ఉండగా ఆమెకు క్యాన్సర్ అని తెలిసింది. ఆ తర్వాత పెళ్లినీ, చివరి రోజులనూ టీవీకి ఇచ్చింది ఆమే. పిల్లల భవిష్యత్తు కోసమని బాహాటంగా చెప్పింది. వద్దనడానికి మనమెవరం? పెద్దవాళ్లను పసిపిల్లల్లా చూడకండి.

కత్తెర:
గుడీ తన కథను తానే చెప్పుకుంది. దాన్ని నేనూ తప్పుపట్టను. అయితే నేను కొన్నేళ్లు ఒక ఛానెల్లో ఎడిటింగ్ చేశాను కాబట్టి ఒకటి చెప్పాలి. ఒక పోటీదారును తోటివాళ్లు “మీ ఆయన ఎందుకు వెళ్లిపోయాడు?” అని అడిగారు. ఆమె వెంటనే, గట్టిగానే జవాబు చెప్పింది. ఆ జవాబు తీసేయమన్నారు. దాని స్థానంలో ఆమె తల దించుకుని గోళ్లు చూసుకుంటున్న ముక్క అతికించాను. అది మధ్యాహ్నం ఎవరో ఆమె మైకు బ్యాటరీ మారుస్తున్నప్పటిది. వెనక వయొలిన్. చూసినవాళ్లందరికీ ఆమె తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది.

పట్టువిడుపు గారూ, ఆమె సంతకం దేనికి పెట్టినట్టు? ఆమె భర్త ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. బడికి వెళ్లే వాళ్ల అబ్బాయీ పెట్టలేదు.

కుస్తీ క్రీడాకారిణి హనా కిమురా ఉదంతం ఇంకా దారుణం. జపాన్ రియాలిటీ షో ‘టెర్రస్ హౌస్’లో, ఉతుకులో పాడైన కుస్తీ దుస్తుల గురించి జరిగిన గొడవ 2020 మార్చిలో ఆన్‌లైన్‌లో వచ్చింది. ఆమె మీద దూషణలు వెల్లువెత్తాయి. అయినా మే నెలలో అదే భాగాన్ని టీవీలో మళ్లీ వేశారు. కొద్ది రోజులకే ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఇరవై రెండేళ్లు. ఆ ప్రసారంలో నైతిక లోపం ఉందని అక్కడి ప్రసార నైతిక సంస్థ 2021లో తేల్చింది.

పట్టువిడుపు:
ఆ వయొలిన్ ముక్క మోసమే, ఒప్పుకుంటున్నాను. అంతమాత్రాన ఇలాంటి షోలన్నీ ఆపేయమంటారా?

వెన్నెలదారి:
ఆపమనడం లేదు. బ్రిటన్‌లో పాల్గొన్నవారి క్షేమం చూసే బాధ్యతను అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021 ఏప్రిల్ నుంచి ప్రసారకర్తల మీద పెట్టింది. నేనైతే ఇంకొంత అడుగుతాను. వ్యక్తిగత విషయాలున్న భాగాన్ని ప్రసారానికి ముందే ఆ మనిషికి చూపించాలి, వద్దంటే తీసేయాలి. సంతకం పెట్టని కుటుంబసభ్యుల ఊసు అసలే రాకూడదు.

పట్టువిడుపు:
ముందే చూపిస్తే ఎవరైనా తమకు నచ్చనిదల్లా తీయించేస్తారు. ఇక షోలో మిగిలేదేమిటి?

కత్తెర:
ఏం మిగులుతుందో నాకు తెలియదు. మా దగ్గర ఆ పద్ధతి ఉండి ఉంటే మాత్రం ఆ అతుకు నేను వేసేవాడిని కాదు. ఆమె పక్కన కూర్చుని చూపించాల్సింది నేనే కదా.