టైమ్ షిప్ బెజవాడలోనే దిగాలంటే లెక్క ఎలా వేయాలి?

సైన్స్ ఫిక్షన్ కథ ఒకటి రాస్తున్నాను. అందులో ఒక అంతరిక్ష నౌక 2024 వరదలప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద, సీతానగరం వైపు చివరి గేటు దగ్గర మాయమై, 1957లో బ్యారేజీ కట్టిన కొత్తలో అదే చోట తేలాలి.

డ్రాఫ్ట్ చదివిన మా మేనకోడలు ఒక్క మాటతో టెన్షన్ పెట్టింది: "మామయ్యా, అప్పటికి భూమి అక్కడ ఉండదు కదా?" నిజమే. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు తిరుగుతుంది. పది సెకన్లు వెనక్కి దూకినా 300 కిలోమీటర్లు తేడా, అంటే బెజవాడలో ఎక్కి హైదరాబాద్ అవతల దిగినట్టే.

సరే, లెక్క వేద్దామని కూర్చున్నా. సూర్యుడు గెలాక్సీ కేంద్రం చుట్టూ తిరిగే వేగం సెకనుకు సుమారు 230 కిలోమీటర్లు అనుకుంటే 67 ఏళ్లకు 48,600 కోట్ల కిలోమీటర్లు వచ్చింది. విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వికిరణంతో పోల్చి 370 తీసుకుంటే 78,000 కోట్లు దాటింది! రెండూ తప్పని అనలేను, ఎందుకంటే సాపేక్ష సిద్ధాంతం ప్రకారం "కదలని చోటు" అనేదే లేదు.

నౌక భూమి గురుత్వాకర్షణను పట్టుకుని వెనక్కి వెళ్తుందని కూడా రాసి చూశాను. అలాగైతే ఆ 67 ఏళ్లూ అది బ్యారేజీ మీదే ఉన్నట్టు, దారిన పోయేవాళ్లందరికీ కనిపించాలి. కొట్టేశాను.

ఫిజిక్స్ తెలిసినవాళ్లు చెప్పండి: నౌక దిగే చోటును దేనితో పోల్చి లెక్కిస్తే చదివేవాళ్లకు తప్పు దొరకదు?