ఫోర్ వీల్ జీపు కింద గ్రీజు నిపుల్స్: ఎక్కడ నిండా కొట్టాలి, ఎక్కడ ఆపాలి?

మందస నుంచి ప్రశ్న:

జీడితోటలకి తిరగడానికి పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపు వాడుతున్నాను. ఈమధ్య వానల్లో మహేంద్రతనయ ఏరు దాటుతుంటే నీళ్లు ఛాసిస్ దాకా వచ్చాయి. అప్పట్నుంచి మెల్లగా పోతున్నప్పుడు కింద పిట్ట కూసినట్టు కిచకిచ. బండి జోరందుకుంటే కిచకిచ కూడా జోరందుకుంటుంది. రివర్స్ వేసి క్లచ్ వదిలితే టక్కుమంటుంది. సర్వీసింగ్ షెడ్డులో గ్రీజు కొట్టేశామనే అంటున్నారు. కిందకి దూరి చూస్తే నిపుల్స్ (గ్రీజు గన్ తగిలించే చిన్న మొనలు) మీద మట్టి గట్టిపడి అలాగే ఉంది! ఇక మనమే కొట్టుకుందామని గ్రీజు గన్ కొన్నాను. ఎక్కడెక్కడ కొట్టాలి, ఎంత కొట్టాలి, ఏ గ్రీజు? ఎక్కువైతే సీళ్లు పోతాయంటున్నారు, నిజమేనా?

సాలూరు నుంచి జవాబు:

నిపుల్ మీద మట్టి అలాగే ఉందంటే గన్ దాని దగ్గరకే రాలేదు బావూ. వాళ్లని అడిగి లాభం లేదు.

చప్పుడు ఇంజిన్‌తో కాకుండా చక్రంతో పాటు పెరుగుతోందంటే ముందు అనుమానించాల్సింది ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లనే. ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటే ఇంజిన్ బలాన్ని ఇరుసులకి చేరవేసే పొడవాటి గొట్టం; దాని కొసల్లో కూడిక గుర్తులా ఉండే జాయింటే క్రాస్, దాని నాలుగు కొసలకీ కప్పులుంటాయి. గ్రీజు కొట్టే ముందు ఒకసారి చేత్తో చూడండి. జాయింటుకి ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి పెట్టి పైకీ కిందకీ ఊపండి, తర్వాత ఎదురెదురుగా మెలితిప్పండి. షాఫ్ట్ మొత్తం కొద్దిగా తిరిగి ఆగితే అది డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో పళ్ల చక్రాలుండే పెట్టె) పళ్ల మధ్య ఉండే ఖాళీ, దానికి కంగారు అక్కర్లేదు. క్రాస్ కప్పు దగ్గరే కదలిక కనిపిస్తే మాత్రం ఆ క్రాస్ పని అయిపోయింది. దానికి డబ్బాడు గ్రీజు కొట్టినా టక్కు పోదు. కప్పు అంచున ఎర్రటి పొడి ఉంటే లోపల సూది రోలర్లు తుప్పు పట్టాయన్నమాట.

కిందకి దూరే ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టండి, హ్యాండ్ బ్రేకుని నమ్మకండి. కొన్ని పాత జీపుల్లో ఆ బ్రేకు చక్రాలకి ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక షాఫ్ట్‌లకి బలం పంచే పెట్టె) వెనక డ్రమ్ముకి ఉంటుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేపితే ఆ బ్రేకు బండిని ఆపలేదు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కింద పడుకోవద్దు.

నిపుల్‌ని వైర్ బ్రష్‌తో గీకి గుడ్డతో తుడవండి. మట్టి మీదే గన్ పెడితే గ్రీజుతో పాటు ఇసక కూడా లోపలికే పోతుంది. నిపుల్ కొసన చిన్న గుండు ఉంటుంది, దాన్ని మేకు మొనతో నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. రాకపోతే నిపుల్ మార్చేయండి, ఖరీదైన సామానేమీ కాదు. కొత్త గన్ అంటున్నారు కాబట్టి లోపల గాలి పట్టి ఉంటుంది. గ్రీజు తెగకుండా వచ్చేదాకా ముందు బయటే కొట్టి చూసుకోండి.

ఇక అసలు సంగతి. అన్ని నిపుల్స్‌కీ ఒకటే లెక్క అనుకోవడం వల్లే సగం బళ్లు పాడవుతున్నాయి. క్రాస్ లోపల నిపుల్ నుంచి నాలుగు కప్పులకీ దారులుంటాయి. నెమ్మదిగా కొడుతూ ఉండండి. ముందు నల్లగానో, తుప్పు నీళ్లతోనో పాత గ్రీజు వస్తుంది. నాలుగు కప్పుల దగ్గరా కొత్త గ్రీజు రంగు కనిపించేదాకా ఆపకూడదు. మూడు కప్పుల్లో వచ్చి ఒకదాన్లో రాకపోతే షాఫ్ట్‌ని సగం తిప్పి, రాని కప్పు వైపు నుంచి క్రాస్‌ని కొంచెం అవతలికి నెట్టి మళ్లీ కొట్టండి. సీళ్ల భయం వద్దు. ఆ సీళ్లు పాత గ్రీజు బయటికి రావడానికి వీలుగానే ఉంటాయి. చేతి గన్‌తో మెల్లగా కొడితే ఏమీ కాదు, గాలి గన్‌తో ఒక్కసారిగా తోస్తేనే ప్రమాదం.

షాఫ్ట్ పొడవు పెరగడానికీ తగ్గడానికీ పళ్లతో ఉండే స్లిప్ జాయింట్ ఉంది చూశారూ, దానికి మాత్రం పూర్తిగా ఉల్టా. లోపల ఖాళీ అంతా గ్రీజుతో నింపేస్తే, గోతిలో బండి కూర్చున్నప్పుడు షాఫ్ట్ కుంచించుకోవడానికి చోటుండదు. ఆ తోపుడంతా ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్ బేరింగుల మీద పడుతుంది, లేదా కొసన ఉన్న బిళ్ల ఊడొస్తుంది. గన్ రెండు మూడు సార్లు నొక్కండి. సీలు అంచున గ్రీజు తొంగి చూసిందా, అక్కడితో ఆపేయండి.

గ్రీజు డబ్బా మీద లిథియం, ఈపీ, 2 అని ఉంటే చాలు. రంగు చూసి కొనకండి, ఆ రంగు కంపెనీ వాళ్లు కలిపేదే. లిథియం మీద బెంటోనైట్ లాంటి వేరే రకం కొడితే రెండూ కలవక పలచబడి కారిపోవచ్చు. లోపల ఏ రకం ఉందో తెలియకపోతే పాతదంతా బయటికి వచ్చేదాకా కొట్టడమే మార్గం. షాఫ్ట్‌ల తర్వాత స్టీరింగ్ రాడ్ల చివరలు, లీఫ్ స్ప్రింగుల కొసల్ని పట్టి ఉంచే షాకిల్ పిన్నులు కూడా చూసుకోండి.

శ్రీకాకుళం నుంచి ఇంకొకరు:

కొత్త రకం బళ్లున్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ముందు చక్రాలకి విడివిడి సస్పెన్షన్ ఉన్న బళ్లలో చక్రం దగ్గర ఉండేది సీవీ జాయింట్ (చక్రం పక్కకి తిరిగినా బలం సాఫీగా అందించే జాయింట్), దానికి రబ్బరు బూటు ఉంటుంది. దానికి నిపుల్ ఉండదు. బూటుకి కన్నం పెట్టి గ్రీజు ఎక్కించే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. బూటు మడతల్లో చీలిక గానీ, రిమ్ము లోపలి వైపు గ్రీజు చిమ్మిన చార గానీ కనిపిస్తే బూటు విప్పి, జాయింట్ కడిగి, మాలిబ్డినం కలిపిన సీవీ గ్రీజు పెట్టి కొత్త బూటు వెయ్యాలి. కొన్ని బళ్లకి ప్రొపెల్లర్ క్రాస్‌లు కూడా నిపుల్ లేకుండా మూసేసే వస్తాయి. వాటికి అరిగితే మార్చడమే.

విజయనగరం నుంచి:

నీళ్లలో దిగిన బండికి కిలోమీటర్ల లెక్క చూడొద్దు. మాన్యువల్‌లో ఉండే అంకె తారురోడ్డు బండికి. ఏరు దాటారా, ఆ రోజో మర్నాడో గ్రీజు పడాలి. బారువ తీరంలో ఇసక, ఉప్పునీళ్లు తగిలితే ముందు మంచినీళ్లతో కడగాలి, ఆ తర్వాతే గ్రీజు. చాలామంది ముందు గ్రీజు కొట్టించి, తర్వాత వాటర్ సర్వీసింగ్‌కి తీసుకెళ్తారు. ప్రెషర్ నీళ్లు నేరుగా సీళ్ల మీద కొడితే ఆ నీళ్లు లోపలికి పోతాయి.

డిఫరెన్షియల్ నూనె కూడా చూడండి. తెల్లగా, పాలు కలిసినట్టు ఉంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చాలి. దాని బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే కన్నం) మూసుకుపోయిందేమో కూడా చూసుకోండి. అది మూసుకుపోతే, వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగినప్పుడు సీళ్ల గుండా నీళ్లు లాక్కుంటుంది. ముందు చక్రాలకి, వాటిని ఇరుసు నుంచి విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్‌లుంటే, అవి వదిలేసి నడిపినంతకాలం ముందు షాఫ్ట్ తిరగదు, లోపల గ్రీజు ఒకచోటే పేరుకుంటుంది. అప్పుడప్పుడూ మట్టిదారిలో హబ్‌లు లాక్ చేసి కొంతదూరం నడపండి.

మందస నుంచి మళ్లీ:

అందరికీ థ్యాంక్సండీ. ముందు షాఫ్ట్ రెండు క్రాస్‌లలోనూ నల్లటి గ్రీజు వచ్చి తర్వాత కొత్తది వచ్చింది. వెనక షాఫ్ట్‌కి డిఫరెన్షియల్ వైపు క్రాస్‌లో మాత్రం మూడు కప్పులకే వచ్చింది. నాలుగోదాన్లోంచి ఎర్రటి నీళ్లు కారాయి, చేత్తో ఊపితే కదులుతోంది కూడా. మార్చేయమంటారా?

సాలూరు నుంచి:

మార్చేయండి, ఆలోచించొద్దు. అది విరిగితే షాఫ్ట్ కింద పడి ఊరుకోదు, బ్రేకు పైపుల్ని కూడా కొడుతుంది. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజ్ (బోల్టులు బిగించే పళ్లెం) మీద, స్లిప్ జాయింట్ రెండు ముక్కల మీదా పెయింటుతో గీత పెట్టుకోండి. స్లిప్ జాయింట్ ఒక్క పన్ను తేడాగా ఎక్కినా రెండు క్రాస్‌ల వరస తప్పి బండి వణుకుతుంది. బండి పేరు చెప్పి కొనకుండా పాత క్రాస్ చేత్తో పట్టుకెళ్లి కప్పు వ్యాసం, మొత్తం పొడవు కొలిపించి తీసుకోండి. కప్పులు ఎక్కించేటప్పుడు సూదుల్లో ఒకటి అడ్డంగా పడిందేమో చూసుకోండి. లాక్ గాడిలో సరిగ్గా కూర్చోకపోతే కారణం చాలాసార్లు అదే. నిపుల్ మాత్రం షాఫ్ట్ వైపు తిరిగి, గన్ అందేలా ఉండాలి.