టెర్రరిజం మీద పీహెచ్‌డీ చేస్తే బతకొచ్చా?

బ్రాడీపేట 4వ లైన్: మా చెల్లికి నాగార్జున యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎంఏ అయిపోయింది, గ్రూప్స్ కోచింగ్‌కి చేరమ్మా అంటే కాదన్నయ్యా తీవ్రవాదం మీద పీహెచ్‌డీ చేసి లెక్చరర్ అవుతా అంటోంది. మా అమ్మేమో పోలీసులు ఇంటికొస్తారని ఒకటే గోల. ఏం చెప్పమంటారు?

బెంజిసర్కిల్ బాబు: వద్దన్నా. అమెరికాలో అయితే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ వాళ్లే డబ్బులిచ్చి 2005లో మేరీలాండ్ యూనివర్సిటీలో టెర్రరిజం మీద స్టార్ట్ అని ఒక రీసెర్చ్ సెంటర్ పెట్టించారు. ఇక్కడేముంది, గుజరాత్ గాంధీనగర్‌లో రక్షా యూనివర్సిటీ, ఢిల్లీలో ఐడీఎస్ఏ అనే రక్షణ పరిశోధన సంస్థ, ఇంకా ఒకటో రెండో. అమ్మగారి భయం కూడా ఊరికే కాదు, 2008లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఒక పీజీ కుర్రాడు రీసెర్చ్ కోసం అల్‌ఖైదా మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుంటే దాదాపు వారం లోపలేశారు.

మాచవరం మాస్టారు: ఆ కుర్రాడికే తర్వాత పోలీసులు పరిహారం కట్టారు, అది కూడా చెప్పు బాబూ. డబ్బున్న చోట అంతా సుఖమేం కాదు, ఆ మేరీలాండ్ వాళ్లు 1970 నుంచి 2 లక్షల పైన దాడులు లెక్కగట్టారు, అయినా 2018లో అమెరికా విదేశాంగ శాఖ ఫండింగ్ ఆపేసింది. ఇంకో తమాషా, వాళ్ల మెయిన్ డేటాలో 1993 ఉండదు, ఆఫీసు మార్చేటప్పుడు పోయిందంట! నక్సలైట్ల మీదకి గ్రేహౌండ్స్ దళం పెట్టిన పోలీసు అధికారి వ్యాస్ గారిని హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నక్సలైట్లు కాల్చింది ఆ ఏడాది జనవరిలోనే. అంటే మన కథ అందులో లేదు. ఇక్కడోళ్లు రాయకపోతే ఇంకెవడు రాస్తాడు?

బెంజిసర్కిల్ బాబు: రాస్తే ఉద్యోగం ఎవరిస్తారు మాస్టారూ, అది చెప్పండి. అయినా 1922లో చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన అల్లూరిని ఏ కాలమ్‌లో వేస్తారంట?

మాచవరం మాస్టారు: అదేనయ్యా థీసిస్! టెర్రరిజం అంటే ఏంటని 1988లో ష్మిడ్ అనే ఆయన లెక్కేస్తే 109 నిర్వచనాలు తేలాయి. ఉద్యోగం అంటావా, పోస్టు ఎలాగూ పొలిటికల్ సైన్స్‌దే పడుద్ది, టాపిక్ ఏదైతే ఏంటి. ముందు నెట్ రాసి జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టమను, నెలకి 37 వేలు, ఆ తర్వాతే అడ్మిషన్. రాకపోతే మాత్రం నేనూ గ్రూప్సే అంటా.

బ్రాడీపేట 4వ లైన్: మా చెల్లికి ఇదంతా చూపించాను, 1993 దగ్గర ఆగిపోయింది. పాత పేపర్లు ఎక్కడ దొరుకుతాయో అడగమంటోంది.

మాచవరం మాస్టారు: వేటపాలెం సారస్వత నికేతనం. అమ్మగారిని కూడా తీసుకెళ్లు, లైబ్రరీయేగా, స్టేషన్ కాదు.