ఐడిలింగ్‌లో ఇంజన్ వణుకు: మౌంట్లా, మిస్‌ఫైరా?

పాత పెట్రోల్ కారు, 4 సిలిండర్లు, మాన్యువల్ గేర్లు. బండి ఆగితే చాలు, స్టీరింగూ సీటూ వణుకుతున్నాయి. అద్దంలో వెనక బండి నంబరు కూడా చదవలేనంత! ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, 750 ఆర్‌పీఎం దగ్గర ఈ గొడవ, 1500 దాటిస్తే మాయం. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. చెక్ ఇంజన్ లైటు మాత్రం వెలగట్లేదు.

స్పార్క్ ప్లగ్‌లు కొత్తవి వేయించాను, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) క్లీన్ చేయించాను. కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చింది. ఒక మెకానిక్ మౌంట్లు (ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) మార్చమంటాడు, ఇంకొకాయన పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లంటాడు. ఊరికే ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోవడం నాకిష్టం లేదు.

ఇంజన్ నడుస్తుండగా మెకానిక్ స్పార్క్ ప్లగ్‌లకు కరెంటిచ్చే కాయిల్ కనెక్టర్లు ఒక్కొక్కటిగా తీసి చూశాడు. మిగతా మూడింటికీ ఇంజన్ బాగా తడబడింది, రెండో సిలిండర్‌ది తీస్తే తేడా చాలా తక్కువ. అంటే దానిలోనే పెట్రోల్ సరిగా మండట్లేదేమో (మిస్‌ఫైర్). ఆ కాయిల్‌ని పక్కదానికి మార్చినా బలహీనంగా ఉన్నది రెండోదే. కాబట్టి కాయిల్ తప్పు కాదనుకుంటున్నా. ఇప్పుడు ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించాలా, లేక ఇంజెక్టర్లు అటూ ఇటూ మార్చి చూడాలా? సిలిండర్లకు గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ (అతుకు దగ్గర గాలి పోకుండా వేసే పొర) దగ్గర గాలి లీకైతే ఒక్క సిలిండర్‌కే ఇలా అవుతుందా?

మౌంట్ల రబ్బరుకి పైకి పగుళ్లేమీ కనబడట్లేదు. విప్పకుండా వాటిని పరీక్షించే పద్ధతి తెలిస్తే అదీ చెప్పండి.